ఉక్కు ఊళ్లో పురుడు

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్ ఉక్కు కర్మాగారం కొలిమిలోకి వెళ్లే ఇనుప ఖనిజం చాలాకాలం దల్లీ రాజహరా కొండల నుంచే వచ్చింది. 1970లలో ఆ గనుల్లో వేలమంది ఆడవాళ్లు కాంట్రాక్టు కూలీలుగా రాళ్లు తట్టలకెత్తి లారీలు నింపేవాళ్లు. వాళ్ల నాయకుల్లో కుసుమ్ బాయి ఒకరు. శంకర్ గుహా నియోగి నడిపిన ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘానికి ఆమె ఉపాధ్యక్షురాలు. 1970ల చివర్లో ఆమె కాన్పు సమయంలో, అందాల్సిన వైద్యం అందక చనిపోయింది. చనిపోయింది అడవిలో కాదు, దేశానికే గర్వకారణమని చెప్పుకునే ప్రభుత్వ కర్మాగారం నీడలోని గనుల ఊళ్లో.

కార్మికులు ఆ చావును విధిరాత అని సరిపెట్టుకోలేదు. మన ఆడవాళ్లకు మనమే ఆసుపత్రి కట్టుకోవాలని తీర్మానించుకున్నారు. చందాలు వేసుకున్నారు, పని గంటలు ముగిశాక వచ్చి గోడలు లేపారు. 1977 జూన్ 2, 3 తేదీల్లో పోలీసు కాల్పుల్లో చనిపోయిన 11 మంది జ్ఞాపకంగా దానికి షహీద్ ఆసుపత్రి అని పేరు పెట్టి, 1983 జూన్ 3న తెరిచారు. బినాయక్ సేన్, ఆశీష్ కుండూ, శైబాల్ జానా వంటి డాక్టర్లు అక్కడ పనిచేశారు. మన దేశంలో కార్మికులు తమ డబ్బుతో కట్టుకున్న ఆసుపత్రులు అరుదు. అందులోనూ ఒక బాలింత కావలసిన మనిషి చావు నుంచి పుట్టింది ఇది.

పురుడు గురించి రాసే పుస్తకాలు సాధారణంగా తల్లికి జాగ్రత్తలు చెప్పి ఊరుకుంటాయి. ఏం తినాలి, ఎలా పడుకోవాలి, బరువులు ఎత్తొచ్చా లేదా అని. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది వేరు. కాన్పుకు సిద్ధపడే పనిలో పెద్ద సగం గర్భిణిది కాదు, ఆమె చుట్టూ ఉన్నవాళ్లది. ఆ పని కూడా నెల తప్పక ముందే మొదలవ్వాలి.

1994లో సెరీన్ థాడియస్, డెబొరా మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు తల్లుల మరణాల వెనకున్న కారణాలను మూడు ఆలస్యాలుగా విడదీశారు. ఆసుపత్రికి వెళ్లాలని ఇంట్లో నిర్ణయించుకోవడంలో జరిగేది మొదటిది. దారిలో జరిగేది రెండోది. ఆసుపత్రి గుమ్మం దాటాక వైద్యం మొదలవడంలో జరిగేది మూడోది. ఇప్పటికీ ప్రపంచమంతా తల్లుల మరణాలను ఈ లెక్కలోనే పరిశీలిస్తోంది. 2018-20 నమూనా నమోదు లెక్కల్లో లక్ష సజీవ జననాలకు ఆంధ్రప్రదేశ్‌లో 45 మంది, తెలంగాణలో 43 మంది తల్లులు చనిపోతే ఛత్తీస్‌గఢ్‌లో 137 మంది చనిపోయారు. పక్కపక్క రాష్ట్రాలు. ఒకే దేశపు చట్టాలు, ఒకే మందులు. తేడా చాలావరకు ఆ మూడు ఆలస్యాల్లోనూ, వాటికి ముందు ఆ తల్లి ఒంట్లో ఎంత రక్తం ఉందన్న దాంట్లోనూ ఉంది.

ముందుగా ఆ రక్తం సంగతి.

గర్భిణికి మామూలు అవసరం కాక అదనంగా దాదాపు ఒక గ్రాము ఇనుము కావాలి. అంటే 1000 మిల్లీగ్రాములు. అందులో 300 దాకా బిడ్డకూ మాయకూ పోతుంది. పెరిగే తల్లి రక్తానికి 500 దాకా పడుతుంది. మిగతాది రోజువారీ నష్టాలకు సరిపోతుంది. ఒక గ్రామంటే చూపుడు వేలి కొన మీద నిలిచేంత. రోజూ వేల టన్నుల ఇనుము కరిగే ఊళ్లో, కొలిమికి కూతవేటు దూరంలో కాపురముండే ఆడవాళ్లకు ఆ ఒక్క గ్రాము దొరకడం లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉంది. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గితే రక్తహీనత అంటారు. 7కు తగ్గితే ప్రమాదం. కాన్పులో అర లీటరు రక్తం పోవడం ఆరోగ్యవంతురాలు తట్టుకోగలదు. హిమోగ్లోబిన్ 6 ఉన్న మనిషికి అదే అర లీటరు ప్రాణం మీదికి తెస్తుంది.

కడుపుతో ఉన్నప్పుడు బాగా తింటే సరిపోతుందని పెద్దవాళ్లు అంటారు. అన్నం, పప్పు, కూరల నుంచి ఒంటికి పట్టే ఇనుము రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములు. చివరి నెలల్లో కావలసింది రోజుకు 6 మిల్లీగ్రాములకు పైనే. ఎంత తోటకూర తిన్నా, ఛత్తీస్‌గఢ్ సంతల్లో దొరికే రకరకాల ఆకుకూర భాజీలన్నీ వండుకున్నా ఆ తేడా పూడదు. బెల్లం ముక్కతో అసలే పూడదు. అందుకే ప్రభుత్వం ఇచ్చే మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. నాలుగో నెల నుంచి రోజుకొకటి, కనీసం 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు వేసుకోవాలి.

ఈ మాత్ర ఓడిపోయేది వంటగదిలో. పొద్దున్నే టీ గ్లాసు పక్కన మాత్ర పెట్టుకుని రెండూ ఒకేసారి మింగేవాళ్లను ఏ ఇంట్లో చూసినా చూస్తాం. టీలోని టానిన్లు ఇనుమును పట్టేసుకుంటాయి, పేగు దాన్ని పీల్చుకోలేదు. కాల్షియం మాత్రతో కలిపి వేసుకున్నా అంతే. మధ్యాహ్నం భోజనమయ్యాక, నిమ్మరసం నీళ్లతో వేసుకుని, టీకి రెండు గంటల ఎడం ఇస్తే అదే మాత్ర చాలా ఎక్కువ పనిచేస్తుంది. విరేచనం నల్లగా రావడం సహజం, భయపడి మానకూడదు. కడుపులో తిప్పితే రాత్రి పడుకునే ముందు వేసుకోవచ్చు. ఆరోగ్య కార్యకర్త మాత్రల పట్టీ చేతిలో పెట్టి వెళ్లిపోతే సగం పనే అయినట్టు. ఎప్పుడు, దేనితో వేసుకోవాలో అత్తగారికీ భర్తకూ కూడా చెప్పాలి. ఆ ఇంట్లో టీ పెట్టే వేళను నిర్ణయించేది చాలాసార్లు వాళ్లే.

ఇనుము పక్కనే ఆ మాత్రలో ఉన్న ఫోలిక్ ఆమ్లం వెనక మనకు దగ్గరి కథ ఉంది. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లిష్ వైద్యురాలు బొంబాయి వచ్చారు. అక్కడ బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణుల్లో ఒక వింత రక్తహీనత కనబడుతుండేది. ఎర్ర కణాలు తగ్గిపోయి, ఉన్నవి మామూలు కన్నా పెద్దవిగా ఉబ్బేవి. ఈస్టు నుంచి తీసిన మార్మైట్ అనే చవక పదార్థం తినిపిస్తే వాళ్లు కోలుకుంటున్నారని ఆమె 1931లో ప్రకటించారు. అందులో పనిచేస్తున్న వస్తువేమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. 1941లో పాలకూర ఆకుల నుంచి దాన్ని వేరుచేశారు. ఆకుల్లో దొరికేది రవ్వంత, దాంతో ప్రపంచానికి మందు తయారుకాదు. ప్రయోగశాలలో తయారుచేసే దారి 1945లో అమెరికాలోని లెడర్లీ సంస్థలో దొరికింది. ఆ పరిశోధనకు సారథి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. స్ప్రూ అనే పేగు జబ్బుకు సొంత సోదరులను పోగొట్టుకున్న మనిషి. ఆ జబ్బులోనూ ఇలాంటి రక్తహీనతే వస్తుంది. బొంబాయి మిల్లు కూలీ ఆడవాళ్ల రక్తంలో మొదలైన ప్రశ్నకు ఒక తెలుగువాడి బృందం జవాబు చెప్పింది. బడి పిల్లల పాఠాల్లో ఈ సంగతి ఇంకా గట్టిగా చెప్పాలని నాకు అనిపిస్తుంది.

ఫోలిక్ ఆమ్లం ఇంకో పని చేస్తుంది. గర్భంలో పిండానికి వెన్నుపామూ మెదడూ కాబోయే నాళం, గర్భం నిలిచిన 28 రోజుల లోపే మూసుకోవాలి. అది సరిగా మూసుకోకపోతే వెన్ను తెరుచుకుని ఉన్న బిడ్డ పుట్టొచ్చు, కొన్నిసార్లు పుర్రె పైభాగమే ఏర్పడదు. అప్పటికి చాలామందికి నెల తప్పిందన్న అనుమానం కూడా స్థిరపడదు. డాక్టర్ దగ్గరికి వెళ్లి మాత్ర మొదలుపెట్టే సరికి ఆ నాళం పని ముగిసిపోయి ఉంటుంది. 1991లో బ్రిటన్ వైద్య పరిశోధనా మండలి ప్రచురించిన పరీక్షలో, అంతకు ముందు ఇలాంటి బిడ్డను కన్న తల్లులు గర్భానికి ముందు నుంచే ఫోలిక్ ఆమ్లం వాడితే మళ్లీ అలా జరగడం 72 శాతం తగ్గింది. అందువల్ల పిల్లలు కావాలనుకున్న జంటలో భార్య కనీసం ఒక నెల ముందు నుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల మాత్ర మొదలుపెట్టాలి. ఖరీదు రూపాయల్లో. ఇంతకన్నా చవకగా ఇంత పెద్ద మేలు చేసే మందు వైద్యంలో మరి కొన్నే ఉన్నాయి.

ఛత్తీస్‌గఢ్‌లో ఉండే తెలుగు కుటుంబానికి ఇంకో రక్త పరీక్ష ముఖ్యం. 1950ల చివరి నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల వాళ్లు భిలాయ్‌కి ఉద్యోగాలకు వచ్చారు. సెక్టార్ 5 బాలాజీ గుడి చుట్టూ, ఖుర్సీపార్ బస్తీల్లో మూడో తరం తెలుగువాళ్లు ఇప్పుడు కాపురాలు చేస్తున్నారు. పెళ్లిళ్లు ఊళ్లోనూ జరుగుతున్నాయి, కులం దాటి, భాష దాటి కూడా జరుగుతున్నాయి. మధ్య భారతంలో సికిల్ సెల్ జన్యువు విస్తృతంగా ఉంది. ఆదివాసీల్లోనే కాక, సాహు, కుర్మి వంటి రైతు కులాల్లోనూ ఉంది. మన ఆంధ్ర, తెలంగాణ ఏజెన్సీల్లోనూ ఉంది. కాబట్టి ఇది పక్కవాళ్ల జబ్బు అనుకోవడానికి లేదు.

హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలీన్ వస్తుంది. ఆ ఒక్క మార్పుతో ఎర్ర కణం ఆక్సిజన్ వదిలినప్పుడు కొడవలిలా వంగి, సన్నని నాళాల్లో ఇరుక్కుంటుంది. ఎముకల్లో భరించలేని నొప్పులు, పదేపదే రక్తహీనత. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే ఈ జన్యువు వస్తే మనిషి మామూలుగానే బతుకుతాడు, వాహకుడు అంటాం. భార్యాభర్తలిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మొదటి బిడ్డకు రాలేదు కదా, రెండోదానికి రాదన్న లెక్క లేదు. పుట్టిన బిడ్డ ముద్దుగా, ఆరోగ్యంగానే కనిపిస్తుంది. తొలి నెలల్లో గర్భంలో తయారైన మరో రకం హిమోగ్లోబిన్ కాపాడుతుంది. అయిదారు నెలలకు అది తగ్గాక చేతులూ కాళ్లూ వాచి, జ్వరాలు మొదలై, అప్పుడు ఆసుపత్రుల చుట్టూ తిరుగుతారు.

పెళ్లికి ముందో, కనీసం గర్భానికి ముందో ఇద్దరికీ పరీక్ష చేస్తే దారులు తెరుచుకుంటాయి. ఇద్దరూ వాహకులని ముందే తెలిస్తే 10, 12 వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీసి పిండానికి జబ్బుందో లేదో చెప్పగలరు. బిడ్డ పుట్టగానే మడమ నుంచి చుక్క రక్తం తీసి పరీక్షిస్తే తొలి నెలల నుంచే పెన్సిలిన్, టీకాలు మొదలుపెట్టి చిన్న పిల్లల చావులను చాలావరకు తప్పించవచ్చు. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ప్రారంభమైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ లక్ష్యం ఇదే. ఒక ముఖ్యమైన జాగ్రత్త. సికిల్ సెల్ జబ్బు ఉన్న తల్లి ఇనుము మాత్రలు సొంతంగా వేసుకోకూడదు. ఫోలిక్ ఆమ్లం అవసరమే, ఇనుము మాత్రం పరీక్ష చూసి డాక్టరే చెప్పాలి.

పరీక్ష అనగానే అమ్మాయి వైపు చూడటం మన ఇళ్లలో అలవాటు. జన్యువుకు ఆ పక్షపాతం లేదు. మొగుడు కూడా చేయి చాచాలి.

ఇక ప్రయాణం సంగతి. తొలి కాన్పు పుట్టింట్లో అన్నది మన ఆచారం. భిలాయ్ కోడలు ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో శ్రీమంతం చేయించుకుని, దుర్గ్‌లో రైలెక్కి రాయగడ మీదుగా విజయనగరమో విశాఖో చేరుతుంది. తల్లి దగ్గర ఉండటం మంచిదే. నిద్ర, తిండి, మనసు అన్నీ కుదుటపడతాయి. ఆ ఆచారాన్ని మానమని నేను చెప్పను. ప్రమాదం ఒక్కటే ఉంది. భిలాయ్‌లో చూసిన డాక్టరుకు ఆమె అయిదో నెల బీపీ తెలుసు, విశాఖ డాక్టరుకు తెలియదు. కార్డు హిందీలో ఉంటుంది, స్కానింగ్ కాగితాలు అత్తవారింటి బీరువాలో ఉండిపోతాయి. రక్తం గ్రూపు ఎవరికీ గుర్తుండదు. అర్ధరాత్రి నొప్పులొచ్చినప్పుడు, ఫిట్స్ వచ్చినప్పుడు ఆ కాగితాల కోసం ఫోన్లు చేసుకోవడం మూడో ఆలస్యానికి మొదటి మెట్టు. తల్లీబిడ్డల రక్షణ కార్డు, అన్ని పరీక్షల కాగితాలు, సికిల్ ఫలితం, రక్తం గ్రూపు ఇవన్నీ ఫోన్‌లో ఫొటోలు తీసి ఇద్దరు ముగ్గురి దగ్గర ఉంచాలి. వెళ్లిన వారంలోనే అక్కడి ఆసుపత్రిలో ఒకసారి చూపించుకుని పేరు రాయించాలి. ప్రయాణం ఎప్పుడు, ఎలా అన్నది డాక్టరుతో ముందే మాట్లాడి తేల్చుకోవాలి. బీపీ ఎక్కువున్నవాళ్లు, కవలలున్నవాళ్లు, మాయ కిందికి ఉన్నవాళ్లు ఉన్నచోటే ఉండటం మేలు.

కాన్పు భిలాయ్‌లోనే అనుకుంటే ప్లాంటు షిఫ్టుల లెక్క వేసుకోవాలి. భర్త నైట్ షిఫ్టులో ఉన్న రాత్రి ఉమ్మనీరు పోతే ఎవరు తీసుకెళ్తారు? బండి ఎవరిది? ఛత్తీస్‌గఢ్‌లో 102 నొక్కితే మహతారీ ఎక్స్‌ప్రెస్ వస్తుంది, ఆంధ్రలో అదే నంబరుకు తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఉంది. ప్లాంటు వాళ్ల సెక్టార్ 9 ఆసుపత్రికా, దుర్గ్ జిల్లా ఆసుపత్రికా, ఇంకెక్కడికన్నది ఎనిమిదో నెలకల్లా తేలాలి. అవసరమైతే రక్తమిచ్చే ఇద్దరి పేర్లు రాసిపెట్టుకోవాలి. కాన్పు తర్వాత రక్తం ఆగకపోతే రెండు గంటల్లో ప్రాణం పోవచ్చు. పెద్దల సలహా అడిగి వెళ్దామనుకునే వ్యవధి అందులో ఉండదు. తీవ్రమైన తలనొప్పి, కళ్లు మసకబారడం, ముఖం వాపు, రక్తం పోవడం, బిడ్డ కదలికలు తగ్గడం, వీటిలో ఏది కనిపించినా ఎవరి అనుమతి కోసమూ ఆగకుండా బయలుదేరాలి.

బిడ్డ బయటపడ్డ క్షణంలో ఒక చిన్న విషయం ఉంది, చూసే కళ్లుంటే అద్భుతమైనది. బొడ్డుతాడు ఇంకా కొట్టుకుంటూనే ఉంటుంది. నీలంగా, మెలికలు తిరిగి, వేలు పెట్టి చూస్తే లోపల నాడి తెలుస్తుంది. మాయలో మిగిలిన బిడ్డ రక్తం ఆ తాడు ద్వారా బిడ్డలోకే తిరిగొస్తోంది. ఒకప్పుడు వెంటనే కోసేసేవాళ్లు. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగమంటుంది. ఆ కాసేపట్లో 80 నుంచి 100 మిల్లీలీటర్ల దాకా రక్తం చేరుతుంది. దాంతోపాటు తొలి నెలలకు సరిపడా ఇనుము నిల్వ కూడా. తల్లిపాలలో ఇనుము తక్కువ కాబట్టి ఆ నిల్వే బిడ్డకు ఆధారం. బిడ్డ ఏడవకుండా ఊపిరి అందక ఉంటే మాత్రం ఆగరు, వెంటనే చికిత్స మొదలుపెడతారు.

ఆ తర్వాత బిడ్డ చోటు తల్లి గుండెల మీదే, బట్ట అడ్డం లేకుండా. గంటలోపు ముర్రుపాలు పట్టాలి. పసుపుపచ్చగా, చిక్కగా వచ్చే ఆ పాలను పిండి పారబోసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. తేనె నాకించడం, చక్కెర నీళ్లు పోయడం, ఆముదం చుక్క వేయడం కూడా ఉన్నాయి. తేనెలో ఉండగల బాక్టీరియా సిద్ధబీజాలు పసిబిడ్డ పేగులో విషాన్ని తయారుచేయగలవు. ఆరు నెలల దాకా తల్లిపాలే, మంచినీళ్లు కూడా వద్దు, భిలాయ్ మే నెల ఎండలోనూ వద్దు. పాలలోనే నీళ్లున్నాయి. తొలి స్నానం ఒక రోజు ఆగాక పోయండి. పుట్టినప్పటి బరువులో పది శాతం దాకా తొలి రోజుల్లో తగ్గడం మామూలే, రెండు వారాల్లో తిరిగి వస్తుంది.

నెలలు నిండక, బరువు తక్కువగా పుట్టిన బిడ్డను గుండెలకు కట్టుకుని ఉంచే పద్ధతిని 1970ల చివర్లో కొలంబియాలోని బొగొటాలో ఎడ్గార్ రే అనే డాక్టర్ మొదలుపెట్టారు, ఇంక్యుబేటర్లు చాలక. మన దేశంతో సహా అయిదు దేశాల్లో చేసిన పరీక్ష 2021లో వెలువడింది. బిడ్డ స్థిమితపడేదాకా ఆగకుండా పుట్టగానే అలా కట్టుకుంటే తొలి 28 రోజుల మరణాలు నాలుగో వంతు తగ్గాయి. తల్లి నీరసంగా ఉంటే తండ్రి కట్టుకోవచ్చు, అమ్మమ్మ కట్టుకోవచ్చు.

ఛత్తీస్‌గఢ్‌కూ తెలంగాణకూ ఆనుకునే ఉన్న గడ్చిరోలీలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు పల్లెటూరి ఆడవాళ్లకు శిక్షణ ఇచ్చి ఇంటింటికీ పంపి, నవజాత శిశు మరణాలను 62 శాతం తగ్గించారు. 1999లో లాన్సెట్‌లో అది అచ్చయింది. ఛత్తీస్‌గఢ్ 2002లో మొదలుపెట్టిన మితానిన్ కార్యకర్తల వ్యవస్థ ఆశా కన్నా ముందరిది. 2011 నుంచి ఆశా, మితానిన్ కార్యకర్తలు కాన్పయిన ఇంటికి 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో రావాలి. వాళ్లు వచ్చినప్పుడు గుమ్మంలోంచే పంపేయకండి. బిడ్డను తూచనివ్వండి, ఊపిరి లెక్కపెట్టనివ్వండి. నిమిషానికి 60కి పైగా ఊపిరి, పాలు తాగకపోవడం, ఒళ్లు చల్లబడటం లేదా కాలడం, తొలి రోజే పచ్చబడటం, అరిచేతుల దాకా పసుపు పాకడం, ఇవి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాల్సిన లక్షణాలు. కామెర్లకు ఎండ చూపించడం వైద్యం కాదు.

బాలింత పథ్యం గురించి కటువుగానే చెబుతాను. నీళ్లు తాగనివ్వకపోవడం, పప్పూ పాలూ కూరలూ మాన్పించి కారప్పొడి అన్నంతో నెలరోజులు నెట్టించడం తప్పు. పాలిచ్చే తల్లికి గర్భంతో ఉన్నప్పటి కన్నా ఎక్కువ తిండి కావాలి. కాయం ఉండలు పెట్టండి, పెట్టే చేత్తో గుడ్డూ పప్పూ కూడా పెట్టండి. ఆమె రెండు వారాలు దాటినా కారణం లేకుండా ఏడుస్తుంటే, నిద్ర పట్టక, బిడ్డ మీద మనసు పోక ఉంటే, గాలి సోకిందనీ దిష్టి అనీ తీసేయకండి. అది జబ్బు, దానికి వైద్యం ఉంది.

పిల్లల్ని కందామని ఇంట్లో మాట వచ్చిన రోజునే మూడు పనులు మొదలుపెట్టండి. భార్యాభర్తలిద్దరికీ హిమోగ్లోబిన్, సికిల్ పరీక్ష చేయించండి. ఫోలిక్ మాత్ర కొనండి. కాన్పు రాత్రి ఎవరు తోడు వస్తారో, రక్తం ఎవరిస్తారో పేర్లు రాసి గోడకు అంటించండి.